విడాకుల వేళ ఇల్లెవరిది, బంగారమెవరిది?



ఆ మధ్య ఒక ఆదివారం సికింద్రాబాదులో రెండో పూజ ముగిసి జనం బయటికి వస్తుండగా, చాలాకాలంగా ఎరిగిన ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తమ్ముడూ, మా అమ్మాయి సంసారం కోర్టు దాకా పోయేటట్టే ఉంది. ఇల్లు సగం దానికి వస్తది గదా? గోవాలో మా చుట్టాలమ్మాయికి సగం ఇచ్చిన్రట" అని అడిగారు.

రాదమ్మా అని ఒక్క మాటలో చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను. ఎందుకంటే అది సగం జవాబే. మిగతా సగం చెప్పాలంటే కొంచెం కూర్చోవాలి. ఆ రోజు గుడి అరుగు మీద కూర్చుని ఆవిడతో మాట్లాడినదీ, ఆ తర్వాత చట్టం పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నదీ కలిపి ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆ కుటుంబం ఆనవాళ్లు మార్చాను. సంగతి మాత్రం మన విచారణల్లో ఏ వీధికి వెళ్లినా కనిపించేదే.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. "వివాహ బంధం విడదీయరానిదని బోధించే శ్రీసభ పత్రికలో విడాకుల లెక్కలేమిటి?" అని కొందరు అనుకోవచ్చు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2383వ పేరా తీసి చూడండి. కొన్ని న్యాయమైన హక్కులను, పిల్లల సంరక్షణను, వారసత్వపు ఆస్తిని కాపాడుకోవడానికి పౌర చట్టపు విడాకులు తప్ప వేరే దారి లేనప్పుడు వాటిని సహించవచ్చనీ, అది పాపం కాదనీ అక్కడ ఉంది. అంటే ఆస్తి సంగతి శ్రీసభ కంటికి ఆననిది కాదు. కన్నీళ్లతో పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ "నా నగలు నాకు ఇప్పించండి" అంటే అది దురాశ కాదు. దాన్ని దురాశ అన్న పెద్దమనుషులను నేను చూశాను. అందుకే ఈ మాట ముందు చెబుతున్నాను.

గోవా సంగతి వేరు

గోవాలో పోర్చుగీసువారి కాలం నుంచి వచ్చిన పౌర స్మృతి ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అవుతుంది. విడిపోతే చెరి సగం. సికింద్రాబాదులో గోవా మూలాలున్న కతోలిక కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కాబట్టి ఆ మాట చెవిన పడి, కతోలికులందరికీ అదే చట్టమని మనవాళ్లు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కాని అది గోవా చట్టం, కతోలిక చట్టం కాదు.

మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని 20వ సెక్షను చిన్నదే గానీ మన ప్రశ్నకు మూలం అక్కడే ఉంది. పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తిలో మరొకరికి ఎలాంటి హక్కూ రాదు, తన ఆస్తి మీద తనకున్న అధికారమూ పోదు అని దాని తాత్పర్యం. భార్యాభర్తలిద్దరూ క్రైస్తవులైతే ఇదే సూత్రం. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. భర్త కొన్న ఇంట్లో భార్యకు పెళ్లి కారణంగా వాటా లేదు. భార్యకు తండ్రి ఇచ్చిన స్థలంలో భర్తకూ లేదు. అంతకుముందే 1874లో వచ్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, పెళ్లయిన క్రైస్తవ స్త్రీ సంపాదన ఆమె సొంతమని చెప్పింది. జీతం కవరు భర్త చేతిలో పెట్టాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు.

మన విడాకుల చట్టం 1869 నాటిది. 2001లో దాన్ని గట్టిగా సవరించారు. అంతకుముందు క్రైస్తవ స్త్రీ విడాకులు కోరాలంటే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాల్సి వచ్చేది. కింది కోర్టు డిక్రీని హైకోర్టు ధ్రువపరచాల్సి వచ్చేది. అవన్నీ పోయాయి. పరస్పర అంగీకారంతో విడాకులు కోరే అవకాశం 10ఎ సెక్షనుగా వచ్చింది. కాని ఇన్ని మార్పులు చేసిన పార్లమెంటు, ఆస్తిని భార్యాభర్తల మధ్య పంచే అధికారం మాత్రం కోర్టుకు ఇవ్వలేదు. 40వ సెక్షనులో ఆస్తి మాట ఉన్నా, అది పెళ్లికి ముందో తర్వాతో దంపతుల కోసం పత్రం రాసి ఏర్పాటు చేసిన ఆస్తికి సంబంధించినది. అలాంటి పత్రాలు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి?

ఇతర మతాలవారికైనా పంపకం ఉందా అంటే, వారికీ లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇవ్వాలని ఒక బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాకా నెగ్గింది. లోక్‌సభలో ఆమోదం పొందక మూలపడింది. అదైనా హిందూ వివాహ చట్టానికీ, ప్రత్యేక వివాహ చట్టానికీ ఉద్దేశించినదే. అందులో మన ఊసు లేదు.

బియ్యానికి రసీదు ఉండదు

ఇప్పుడు ఆ తల్లి చెప్పిన లెక్క వినండి. పెళ్లయి పద్నాలుగేళ్లు. అల్లుడు రైల్వేలో ఉద్యోగి. కూతురు ఒక ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లయిన రెండేళ్లకు మల్కాజిగిరి వైపు ముప్పై లక్షలకు ఫ్లాటు కొన్నారు. అందులో ఎనిమిది లక్షలు ఆ తల్లీతండ్రీ తమ ప్లాటు అమ్మి ఇచ్చారు. మిగతాది అల్లుడి పేరున బ్యాంకు అప్పు. "అప్పు నీ పేరున ఉంది కాబట్టి ఇల్లు కూడా నీ పేరునే ఉండనీ" అని అందరూ కలిసే అన్నారట. అప్పటినుంచి అల్లుడి జీతంలోంచి కిస్తీలు పోయాయి. కూతురి జీతం బియ్యానికీ, పాలకూ, ఇద్దరు పిల్లల ఫీజులకూ, అత్తగారి మందులకూ పోయింది.

కిస్తీకి బ్యాంకు కాగితం ఉంది. బియ్యానికి లేదు. పన్నెండేళ్ల తర్వాత కాగితాలు ముందు పెట్టి చూస్తే ఇల్లంతా ఒక్కడే కట్టినట్టు కనిపిస్తుంది. ఆమె జీతం లేకపోతే ఆయన జీతంలో కిస్తీకి మిగిలేదా అని అడగండి. న్యాయంగా ఆలోచించేవారెవరైనా మిగలదనే అంటారు. చట్టం మాత్రం దస్తావేజు మీద పేరెవరిది, డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్లింది అని అడుగుతుంది.

అలాగని తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. భర్త సౌదీలో సంపాదించి పంపితే, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలనూ చూసుకుంది. ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో ఆమె ఇంటి చాకిరీ కూడా పెట్టుబడేనని, సమాన వాటా ఉందని ఆ న్యాయమూర్తి అన్నారు. గల్ఫుకు పోయిన భర్తలున్న మన తెలంగాణ ఇళ్లకు ఇది దగ్గరి సంగతే. కాని అది ఒక హైకోర్టులో ఒక న్యాయమూర్తి తీర్పు. మన కోర్టులు అలాగే నడవాలన్న కట్టడి లేదు. వాదనలో పనికొస్తుంది, భరోసాగా పనికిరాదు.

మరి ఆ ఎనిమిది లక్షలు? అవి ఎలా ఇచ్చారన్న దానిమీద ఉంటుంది. తండ్రి ఖాతాలోంచి నేరుగా ఫ్లాటు కట్టినవారికి చెక్కు వెళ్లి ఉంటే, అది గట్టి ఆధారం. భార్యాభర్తల్లో ఒకరు తమ సక్రమమైన ఆదాయంతో డబ్బు పెట్టి మరొకరి పేరున కొనడాన్ని బినామీ చట్టం తప్పుబట్టదు. కాబట్టి "పేరు ఆయనదైనా ఇంత సొమ్ము నాది" అని భార్య వాదించడానికి ఆ చట్టం అడ్డు రాదు. అదే విధంగా, భార్య పేరున ఇల్లు కొన్న భర్త కూడా "డబ్బు నాది" అని వాదించవచ్చు. ఆమెకు కానుకగా కొన్నాడా, సౌకర్యం కోసం పేరు పెట్టాడా అన్నది కోర్టు సాక్ష్యం చూసి తేలుస్తుంది. డబ్బు నగదుగా, సంచిలో పెట్టి, పెద్దమనుషుల ఎదుట ఇచ్చి ఉంటే కష్టం. ఆ పెద్దమనుషుల్లో సగంమంది ఈపాటికి సమాధుల తోటలో ఉంటారు. మిగతావారికి జ్ఞాపకం ఉండదు.

ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉంటే సంగతి సులువు. ఎవరెంత పెట్టారో రుజువు లేనప్పుడు, వాటాలు రాసి లేనప్పుడు, సమానమనే చట్టం అనుకుంటుంది. కాని ఇద్దరూ కలిసి అప్పు సంతకం చేసి ఉంటే, విడాకుల డిక్రీ బ్యాంకును కట్టిపడేయదు. "ఇల్లు ఆయన తీసుకున్నాడు కదా" అంటే బ్యాంకువారు వినరు, ఇద్దరినీ అడుగుతారు. రాజీ కుదుర్చుకునేటప్పుడు అప్పు ఎవరి పేరుకు మారుతుందో బ్యాంకుతో రాతపూర్వకంగా తేల్చుకోకుండా సంతకం పెట్టకండి.

ఇక్కడ తండ్రులకు ఒక మాట. పెళ్లి పందిట్లో "ఘట్‌కేసర్ ప్లాటు పసుపు కుంకుమ కింద అమ్మాయికే" అని ప్రకటించి చప్పట్లు కొట్టించుకుంటారు. స్థిరాస్తి దానం రిజిస్టరు చేసిన పత్రంతోనే చెల్లుతుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లనంత కాలం ఆ ప్లాటు మీదే, చప్పట్లు మాత్రమే అమ్మాయివి.

బంగారం, కట్నం

ఇల్లు విషయంలో చట్టం ఎంత బిగువుగా ఉందో, నగల విషయంలో అంత స్పష్టంగా ఆడబిడ్డ వైపు ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకు పుట్టింటివారు, అత్తింటివారు, బంధువులు ఇచ్చినవి స్త్రీధనం. మంగళసూత్రం నుంచి మంచం దాకా. వాటిని అత్తగారి బీరువాలో పెట్టినా, భర్త లాకరులో పెట్టినా, అవి ఆమె సొమ్మే, వారు కాపలాదారులే. సుప్రీం కోర్టు 1985లోనే ఈ మాట గట్టిగా చెప్పింది. 2024 ఆగస్టులో మన తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో మరో అడుగు వేసింది. అమెరికాలో విడాకులు తీసుకున్న కూతురి నగలను అత్తింటివారి నుంచి ఇప్పించమని తండ్రి కేసు పెట్టారు. స్త్రీధనం మీద హక్కు ఆమె ఒక్కరిదే, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రికైనా అడిగే హక్కు లేదని కోర్టువారు ఆ కేసు కొట్టివేశారు. పెళ్లి ఖర్చు పెట్టిన తండ్రికి ఇది కటువుగా తోచవచ్చు. నాకైతే సబబుగానే తోచింది. ఇచ్చినది ఇచ్చినట్టే కదా.

కట్నం అడగడం, ఇవ్వడం రెండూ నేరం. అయినా మన కతోలిక కుటుంబాల్లో అది లేదని ఎవరైనా గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? 1961 నాటి వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షను గురించి చాలామందికి తెలియదు. కట్నం ఎవరి చేతికి వెళ్లినా, దాన్ని మూడు నెలల్లో ఆ స్త్రీకి అప్పగించాలి. అప్పగించేదాకా ఆమె తరఫున నమ్మకంగా ఉంచుకున్నట్టే లెక్క. "మేము కట్నం ఇచ్చామని చెబితే మమ్మల్నే లోపల వేస్తారేమో" అని జంకేవారికి ఆ చట్టంలోనే జవాబు ఉంది. నేరానికి గురైన వ్యక్తి ఇచ్చే వాంగ్మూలం ఆధారంగా ఆ వ్యక్తి మీదే కేసు పెట్టకూడదని 7వ సెక్షను చెబుతుంది.

ఇంకొకటి. అడగకుండా ప్రేమతో ఇచ్చే కానుకలకు జాబితా రాయాలని 1985లో నియమాలు వచ్చాయి. పెళ్లికూతురికి వచ్చినవి ఒక జాబితా, పెళ్లికొడుకుకు వచ్చినవి ఒక జాబితా. వస్తువు, ఇంచుమించు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. నేను ఇన్ని పెళ్లిళ్లకు వెళ్లాను, ఈ జాబితా రాసినవారిని ఇద్దరినో ముగ్గురినో చూశాను. వెయ్యి నూట పదహార్లు చదివించినవారి పేర్లు మాత్రం నోటుపుస్తకంలో తప్పకుండా రాస్తాం, రేపు వాళ్లింటి పెళ్లికి తిరిగి చదివించాలి గనుక. ఆ నోటుపుస్తకం పక్కనే ఇంకో రెండు పేజీలు రాస్తే పోయేదేమిటి? పెళ్లి సిద్ధపాటు తరగతుల్లో మన విచారణ గురువులు ఈ మాట ఒక్కటి చెప్పినా ఎంతో మేలు.

వాటా లేకపోతే మరేముంది?

వాటాకు బదులు చట్టం ఇచ్చినది మనోవర్తి. కేసు నడుస్తుండగా ఖర్చులకూ తిండికీ 36వ సెక్షను కింద అడగవచ్చు. పూర్వం అది భర్త నికర ఆదాయంలో ఐదో వంతుకు మించకూడదన్న హద్దు ఉండేది. 2001లో తీసేశారు. విడాకుల డిక్రీ వచ్చాక 37వ సెక్షను కింద శాశ్వత మనోవర్తి ఉంది. ఒకేసారి పెద్ద మొత్తంగానో, ఆమె జీవితకాలం మించకుండా ఏటేటానో, నెలనెలానో. ఆమెకున్న ఆస్తి, భర్త స్తోమత, ఇద్దరి నడవడిక చూసి కోర్టు నిర్ణయిస్తుంది. తర్వాత భర్త స్తోమత తగ్గితే దాన్ని మార్చవచ్చు కూడా. ఇది భార్యకు మాత్రమే. భర్త ఈ సెక్షను కింద అడగలేడు.

ఒక జాగ్రత్త. భర్త కోటీశ్వరుడైతే భార్య అతనితో సమానంగా అయ్యేంత మొత్తం ఇవ్వాలని లేదు. మనోవర్తి ఆస్తులను సమం చేసే సాధనం కాదని 2024 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. ఆమె గౌరవంగా బతకడానికి ఎంత కావాలన్నదే కొలత. అందుకే లాయర్ల గదుల్లో వినిపించే పెద్ద అంకెలు నమ్మి ఆశలు పెంచుకోవద్దు.

భర్త ఆదాయం దాచేస్తే? 2020లో సుప్రీం కోర్టు పెట్టిన ఏర్పాటు ప్రకారం మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపత్రంలో రాసి కోర్టుకు ఇవ్వాలి. అబద్ధం రాస్తే అది కోర్టును మోసం చేయడమే. భార్య తన సంపాదన దాచినా అంతే.

ఇక తల దాచుకునే చోటు. విడాకులు కాలేదు, ఇంట్లోంచి మాత్రం గెంటేశారు. మన దగ్గరికి వచ్చే గొడవల్లో ఎక్కువ ఇవే. ఇక్కడ 2005 నాటి గృహహింస చట్టం పనికొస్తుంది. అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. ఇల్లు తన పేరున లేకపోయినా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అది కాపురపు ఇల్లు కావచ్చునని 2020 అక్టోబరులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అదే చట్టం కింద మేజిస్ట్రేటు స్త్రీధనం తిరిగి ఇమ్మని కూడా ఆదేశించవచ్చు. కాని ఉండే హక్కు వేరు, సొంత హక్కు వేరు. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లయితే అవి భర్తవీ కావు, రైల్వేవి. భర్త బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా ఖాళీ చేయాల్సిందే. వాటిని నమ్ముకుని ఏ రాజీకీ ఒప్పుకోవద్దు.

ప్రావిడెంటు ఫండు గురించి అడుగుతారు. అది ఉద్యోగిది. విడాకులతో దానంతటది పంపకం కాదు. మనోవర్తి లెక్కలో మాత్రం భర్త స్తోమతగా కోర్టు ముందు పెట్టవచ్చు. డిక్రీ వచ్చాక అతను చనిపోతే ఆమె చట్టప్రకారం వితంతువు కాదు. కుటుంబ పింఛను రాదు. వీలునామా లేని క్రైస్తవుడి ఆస్తిలో పిల్లలుంటే భార్యకు మూడో వంతు వస్తుంది. ఆ మూడో వంతూ రాదు. పిల్లల హక్కు మాత్రం చెక్కుచెదరదు. అయితే క్రైస్తవుడు తన ఆస్తినంతా తన ఇష్టప్రకారం ఎవరికైనా వీలునామా రాయవచ్చు. కాబట్టి రాజీ కుదిరే రోజే పిల్లల పేరున ఏదైనా రిజిస్టరు చేయించగలిగితే, రేపటి వాగ్దానం కంటే అదే గట్టిది.

శ్రీసభ తీర్పుతో ఆస్తి తేలదు

ఈ విషయంలో మనవాళ్లు పడే పొరపాటు పెద్దది. శ్రీసభ న్యాయస్థానంలో వివాహం మొదటినుంచీ చెల్లలేదని తీర్పు వచ్చిందంటే, ఇక అన్నీ తేలిపోయాయనుకుంటారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు ఆ విచారణ పద్ధతిని సులభం చేశాక చాలామంది ధైర్యంగా ముందుకు వస్తున్నారు, మంచిదే. కాని శ్రీసభ తీర్పు సంస్కారానికి సంబంధించినది. ప్రభుత్వ చట్టం దృష్టిలో పెళ్లి అలాగే ఉంటుంది. సుప్రీం కోర్టు 1996లో ఈ మాట చెప్పింది. శ్రీసభ న్యాయస్థానాల తీర్పులను చట్టబద్ధంగా గుర్తించమని వేసిన పిటిషనును 2017 జనవరిలో కొట్టివేసింది.

దీని ఫలితం ఆస్తి దగ్గర ఎలా తగులుతుందో చూడండి. ఒకాయన శ్రీసభ తీర్పు తీసుకుని, కోర్టుకు వెళ్లకుండానే మరో పెళ్లి చేసుకున్నాడనుకోండి. చట్టం లెక్కలో మొదటి ఆమే భార్య. ఆయన వీలునామా లేకుండా కన్నుమూస్తే మూడో వంతు ఆమెదే. రెండో ఆమె ఇరవై ఏళ్లు కాపురం చేసినా భార్యగా అడగడానికి ఏమీ ఉండదు. తప్పెవరిది? ఆమెది మాత్రం కాదు.

శ్రీసభ చట్టం కూడా ఈ బాధ్యతలను మరచిపోలేదు. వివాహం చెల్లదని తీర్పు రాసేటప్పుడు, ఒకరి పట్ల ఒకరికీ, పిల్లల పట్లా ఉన్న నైతిక, పౌర బాధ్యతలను ఇద్దరికీ గుర్తుచేయాలని 1691వ నిబంధన చెబుతుంది. మొదటి బంధం వల్ల వచ్చిన బాధ్యతలున్నవారి పెళ్లికి మేత్రాణుల అనుమతి కావాలని 1071వ నిబంధన. అంటే పిల్లల ఫీజు ఎగ్గొట్టి, కొత్త పెళ్లికి ప్రకటనలు చదివించుకోవడం శ్రీసభ ఉద్దేశం కాదు.

ఇంకో చిన్న మెలిక. పౌర కోర్టులోనే విడాకులకు బదులు 'వివాహం చెల్లదు' అనే డిక్రీ కోరేవారున్నారు. శాశ్వత మనోవర్తి ఇచ్చే 37వ సెక్షను విడాకుల గురించీ, న్యాయబద్ధమైన వేర్పాటు గురించీ మాట్లాడుతుంది గానీ ఈ డిక్రీని పేర్కొనదు. ఏ పిటిషను వేస్తున్నారో, దాని కింద ఏమి అడగవచ్చో లాయరుతో ముందే మాట్లాడుకోండి.

ఎక్కడికి వెళ్లాలి?

విడాకులూ, మనోవర్తీ, భార్యాభర్తల మధ్య ఆస్తి తగాదా, ఇవన్నీ ఫ్యామిలీ కోర్టు విచారించవచ్చు. అది 1984 నాటి చట్టం ఇచ్చిన సౌలభ్యం. నగలకు ఒక కోర్టు, ఇంటికి ఇంకో కోర్టు అని తిరగాల్సిన పని లేదు. సికింద్రాబాదులోనే ఫ్యామిలీ కోర్టు ఉంది. అక్కడ ముందు రాజీకే ప్రయత్నిస్తారు. రాజీ అంటే తల వంచడం కాదు. కాగితాలు చేతిలో ఉన్నవారికి రాజీ కూడా మర్యాదగానే కుదురుతుంది. రాజీలో ఇల్లు, స్థలం చేతులు మారుతుంటే, ఆ ఆస్తి కేసులో భాగమై ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ రాజీ పత్రాన్ని విడిగా రిజిస్టరు చేయాల్సి వస్తుంది. లాయరు ఫీజు కట్టలేని స్త్రీలే కాదు, ఏ స్త్రీ అయినా ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరును కోరవచ్చు. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది, దయాదానం కాదు.

ఇదంతా ఆ పెద్దావిడకు చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "అంటే ఇల్లు పాయె" అన్నారు. ఇల్లు పోయిందని నేను అనలేదనీ, ముందు కాగితాలు వెదకమనీ చెప్పాను. పెళ్లి ఫోటోలు, నగల బిల్లులు, ప్లాటు అమ్మిన దస్తావేజు, బ్యాంకు పాసుపుస్తకాలు, ఏదీ చిన్నదని వదిలేయవద్దన్నాను.

మరుసటి ఆదివారం ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని వచ్చారు. నగల బిల్లులు సగానికి పైగా అక్షరాలు వెలిసిపోయాయి. పెళ్లి ఆల్బములో అమ్మాయి మెడలోని నాలుగు వరుసల హారం మాత్రం స్పష్టంగా ఉంది. అడుగున, రబ్బరు బ్యాండు వేసిన పాత చెక్కుబుక్కు. ఆవిడ భర్త మూడేళ్ల కిందట చనిపోయారు, ఏదీ పారేసే మనిషి కాదట. అందులో ఒక కౌంటర్‌ఫాయిలు మీద ఆయన చేతిరాతతో తేదీ, ఎనిమిది లక్షల అంకె, ఫ్లాటు కట్టినవారి పేరు ఉన్నాయి. పన్నెండేళ్ల నాటి స్టేట్‌మెంటు బ్యాంకువాళ్లు తీసి ఇస్తారో లేదో, సోమవారం పొద్దున్నే కూతురిని వెంటబెట్టుకుని వెళ్లి అడుగుతానన్నారు.